చక్‌లో ఉన్న ఇత్తడి ముక్క

హేమా,

షెడ్డు తాళంచెవి బియ్యం డబ్బా మీద పెట్టాను. మీ నాయన దినాలయ్యాక ఆ తలుపు తీయడం ఈ రోజే. అన్నం తిన్నాకే లేతు మిషన్ దగ్గరికి వెళ్లు. చున్నీ తీసి పక్కన పెట్టి, జడ ముడేసుకో.

మిషన్ చక్‌లో, ఆ దవడల పట్టులో, బిగించిన ఇత్తడి ముక్కను మాత్రం విప్పొద్దు. "విప్పితే సెంటర్ పోతాది పాపా, పనైనంకనే విప్పల్ల" అని మీ నాయన నీకు చెప్పేవాడు కదా. దినాల రోజు మీ చిన్నాయన మిషన్ తుడుస్తానని దాన్ని విప్పబోతే అందుకే అరిచాను. అందరూ దుఃఖమనుకున్నారు. నువ్వూ అనుకున్నావు.

అది గాలిమర ఇరుసుకు వేసే బుష్షు. సగమే అయింది. నువ్వు ముగించు. మిద్దె మీద గాలిమర తిరుగుతుంటే కింద పడుకుని వినాలని ఆయన కోరిక. మనకు వాన లేకపోయినా గాలి ఉంది కదా. నిన్న మధ్యాహ్నం షెడ్డు రేకులు మోగితే మిషనే తిరుగుతోందనుకుని "అన్నానికి రాండి" అని పిలిచాను. కంచం కూడా పెట్టాను.

మా బడి వదిలాక రాప్తాడు బస్సుకు వస్తాను.

అమ్మ

మిషన్ కింద ఆయన రాల్చిన ఇత్తడి రజను అలాగే ఉంది. ఊడవొద్దు. నీదీ దాని మీదే రాలనీ.