నైలాన్ కోటు బహుమతి

ప్రియమైన హెల్మీ,

నువ్వు పంపిన ఏలకుల రొట్టె చేరింది. నాతో పనిచేస్తూ నా గదిలోనే ఉండే గోర్డీ సగం మింగేసి, "మీ ఆవిడ్ని ఇక్కడికే తెచ్చుకోరాదూ, రోజూ నీ వంట తినే శిక్ష తప్పుతుంది నాకు" అంటున్నాడు. వాడి నోటికి తాళం లేదు.

ఏడాదిగా ఎవరికీ దెబ్బ తగల్లేదని మా కాగితం మిల్లువాళ్లు ఎలక్ట్రీషియన్లందరికీ ఎర్ర నైలాన్ కోట్లు బహుమతిగా ఇచ్చారు. స్విచ్‌ల గదిలో చలికి బాగా పనికొస్తోంది. యంత్రం ఆగకూడదని కరెంటు ఉండగానే ప్యానెళ్లు తెరిపిస్తున్నారు. మామూలే, దిగులు పడకు.

నీ ఆర్వో

ప్రియమైన ఆర్వో,

మామూలే అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? థండర్ బే ఊళ్లో ఈ లాండ్రీలో రోజంతా ఇస్త్రీ చేసేదాన్ని నేను. వేడి తగిలితే నైలాన్ కరిగి పెట్టెకి అంటుకుంటుంది, చాకుతో గీకాలి. ప్యానెల్లో మెరుపు లేస్తే గదంతా మంటే అని నువ్వే చెప్పావు. అప్పుడు ఆ కోటు నీ ఒంటికి అంటుకుంటే దేంతో గీకుతారు? మంటకి ఆగే బట్టలు, ముఖానికి ముసుగు ఇవ్వరు గానీ ఇది బహుమతా? కోటు తీసెయ్. కరెంటు ఆపమని అడుగు. నీకు సిగ్గయితే నేనొచ్చి అడుగుతాను.

కోపంతో, నీ హెల్మి

ప్రియమైన హెల్మీ,

అడిగాను. ఫోర్‌మన్ డెల్బర్ట్ అందరి ముందూ నవ్వాడు. "యంత్రం ఆపితే కాగితం తెగిపోతుంది. మళ్లీ ఎక్కించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. మీ ఆవిడ నేర్పిందా ఇది?" అన్నాడు. మంటకి ఆగే బట్టలు ఒక్క జత ఉన్నాయట, తనిఖీవాళ్లకి చూపించడానికి. వాటిని పెట్టిన బీరువా తాళం ఆఫీసులో ఉంటుంది.

కోటు మాత్రం తీసేశాను. గోర్డీకీ చెప్పాను. "చలికి చచ్చేకంటే నయం" అని బొత్తాలు ఇంకా పైదాకా పెట్టుకున్నాడు.

నీ మాట విన్న ఆర్వో

ప్రియమైన హెల్మీ,

ఫోన్లో నేను క్షేమమని చెప్పి పెట్టేశాను. మిగతాది నోట రాలేదు. కాలింది గోర్డీకి. కరెంటు ఉన్న ప్యానెల్లో పానా జారి మెరుపు లేచింది. కోటు కరిగి ఛాతీకీ చేతులకీ అంటుకుపోయింది. నర్సులు దాన్ని ముక్కలు ముక్కలుగా తీస్తుంటే తలుపు బయట నిలబడి వాడి అరుపులు విన్నాను. బతుకుతాడట. ఆ చేతులు మాత్రం ఇక పానా పట్టవు.

యంత్రం ఆపడం కుదరదన్నారు కదా, మర్నాడు రోజంతా ఆపారు. దేనికనుకున్నావు? తనిఖీవాళ్లు వచ్చేలోగా గోడ మీద మసి కడిగి రంగు వెయ్యడానికి.

రంగు ఆరాక కరెంటు ఇచ్చేసి, పక్క ప్యానెల్ తెరవమని డెల్బర్ట్ నన్ను పిలిచాడు. "గోడ కోసం ఆపారు, నా కోసం ఆపండి" అన్నాను. "పని పోతుంది" అన్నాడు. "పోనీ" అన్నాను. మిగతావాళ్లు కోట్లు విప్పి నేల మీద పడేసి నా పక్కకొచ్చారు. ఎవరూ కదల్లేదు. చివరికి డెల్బర్టే వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు.

గోర్డీ రెండు చేతులూ కాల్చిన ఆ కరెంటు ఆపడానికి అతనికి ఒక్క చెయ్యి సరిపోయింది, హెల్మీ.

నీ ఆర్వో