పన్నెండు జింకల లైసెన్సు

అల్ఫారెట్టా,
మంగళవారం

చిరంజీవి కౌశిక్‌కి పక్కింటి చాముండేశ్వరి ఆంటీ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నా మోకాళ్లూ ఎప్పటిలాగే ఉన్నాం.

నాలుగడుగులు వేస్తే మీ గుమ్మం, దీనికి ఉత్తరం ఎందుకంటావేమో. ఈ మాట ఎదురుగా అడిగితే నాకు ఏడుపొస్తుంది. టెక్స్ట్ చేద్దామంటే ఒక అక్షరం నొక్కితే మూడు పడతాయి. అందుకే పులిహోర డబ్బాతో పాటు మీ అమ్మాయి సాన్వి బ్యాగులో పెట్టాను. సాన్వికి తెలుగు చదవడం రాదు, బెంగళూరులో పెరిగిన మీ రష్మికీ రాదు. ఇంతకంటే భద్రమైన పోస్టాఫీసు ఎక్కడుంది?

నిన్న నీ కవరు ఒకటి నా మెయిల్‌బాక్స్‌లో పడింది. కళ్లజోడు లేక, కరెంటు బిల్లనుకుని చింపాను. లోపల కార్డు. జార్జియా రాష్ట్రం, వేట లైసెన్సు, కింద నీ పేరు! గుడ్డు కలిసిందని పుట్టినరోజు కేకు కూడా ముట్టనివాడివి, నీకు వేటేమిటి?

పొద్దుటినుంచి ఆలోచిస్తే ఇప్పటికి అర్థమైంది. ఉద్యోగం పోయింది కదూ? మీ ఆఫీసులో లేఆఫ్‌లని విన్నాను. వీసావాళ్లకి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులే గడువని కూడా తెలుసు. అయినా నాయనా, ఆ అరవై రోజులూ జింకను కొట్టుకు తిని బతకాల్సిన ఖర్మేమిటి? పక్కింట్లో ఆంటీ చచ్చిపోయిందా? రేపటినుంచి రోజూ రెండు డబ్బాలు పంపిస్తాను. రష్మికి చెప్పనులే.

మీ మేలు కోరే
చాముండేశ్వరి

తా.క.: డబ్బా ఖాళీగా తిప్పి పంపకు. ఉద్యోగం పోయినా ఆనవాయితీ పోకూడదు, గుప్పెడు పంచదారైనా వేసి పంపు.

బుధవారం

ఆంటీకి కౌశిక్ నమస్కారాలు.

ముందు శుభవార్త. నా ఉద్యోగం నా దగ్గరే ఉంది. పులిహోర మాత్రం లేదు, తల్లీకూతుళ్లు నాకు చెంచాడు మిగిల్చారు.

నేను ఏ ప్రాణినీ చంపను ఆంటీ. బొద్దింక కనిపిస్తే రష్మిని పిలిచే మనిషిని. నేను కాల్చేది కాగితాన్ని. కాలేజీలో ఎన్.సి.సి. క్యాంపులో అయిదు తూటాలిచ్చి కాల్చమన్నారు. అయిదూ రూపాయి బిళ్లంత చోట పడ్డాయి. క్రికెట్‌లో నన్నెప్పుడూ అంపైర్‌గా నిలబెట్టేవాళ్లు, జీవితంలో నేను ఫస్టొచ్చిన ఆట అదొక్కటే. మొన్న ఆఫీస్ ఫ్రెండ్ ఇక్కడి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లాడు. ఊపిరి సగం వదిలి ఆపి, మెల్లగా ట్రిగ్గర్ నొక్కాలి. ఆ రెండు సెకన్లూ గ్రీన్ కార్డ్ క్యూ గుర్తు రాదు. ఈ దేశం వచ్చిన పదకొండేళ్లలో అంత ప్రశాంతంగా నేనెక్కడా లేను, నిజం చెప్పాలంటే గుళ్లో కూడా.

మరి వేట లైసెన్సు దేనికంటే, చట్టం అలా ఉంది. నాలాగా వీసా మీద ఉన్నవాడు తుపాకీ కొనకూడదు. వేట లైసెన్సు ఉంటే కొనొచ్చు. అంటే కాగితాన్ని కాల్చడానికి, జింకను కాల్చే అనుమతి తీసుకోవాలి! ఇక్కడ నాకు ఓటు లేదు, కంపెనీ మారాలంటే లాయర్ కావాలి, పెళ్లికో చావుకో ఇండియా వెళ్లాలంటే, తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరుకుతుందో లేదోనని భయం. తుపాకీ మాత్రం కొనుక్కోవచ్చట. మొదట నవ్వొచ్చింది. తర్వాత, ఇన్ని 'లేవు'ల మధ్య ఉన్న ఈ ఒక్కదాన్నీ వదులుకోవడం ఎందుకనీ అనిపించింది.

ఒక షాపులో పాత రైఫిల్ చూశాను. చెక్క పిడి, చిన్న తూటాలు, ఒక్కొక్కటే వేసుకుని కాల్చేది. నా ఫోన్ ధరలో నాలుగో వంతు. షాపతను నెలాఖరుదాకా ఎవరికీ అమ్మనన్నాడు. రష్మికి ఇంకా చెప్పలేదు. మీరూ ఎవరితోనూ అనకండి, ప్లీజ్.

మీ
కౌశిక్

తా.క.: రెండు డబ్బాల మాట వెనక్కి తీసుకోకండి. ఉద్యోగం ఉన్నవాళ్లకీ ఆకలేస్తుంది.

శుక్రవారం

చిరంజీవి కౌశిక్‌కి ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ జింకలు క్షేమమని తలుస్తాను.

కాగితాన్నే కాలుస్తానన్నావు, చాలా సంతోషించాను. కానీ నీ కవర్లో ఇంకో కాగితం సోఫా కిందకి జారిపోయి ఇవాళ దొరికింది. దాని మీద గళ్లు గీసి, తేదీ వేసి రాయమని, సీజనుకి పన్నెండు జింకలని స్పష్టంగా ఉంది. పన్నెండు! ప్రభుత్వం లెక్కగట్టి మరీ నీ నెత్తిన పెడితే ఏం చేస్తావు? కొట్టకపోతే లైసెన్సు లాక్కుంటారా, వీసాకే ఎసరు పెడతారా? ఈ దేశంలో ఫారం నింపకపోతే ఊరుకోరు, ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

నా మనసు ఆగక గుళ్లో పంతులుగారిని అడిగాను, పన్నెండు జింకల పాపానికి ప్రాయశ్చిత్తం ఏమిటని. నీ పేరు చెప్పలేదు సుమా. "మా పక్కింట్లో ఉంటాడు, ఎర్ర కారు, కూతురి పేరు సాన్వి, ఒకబ్బాయి" అన్నానంతే.

ఇట్లు
నీ పరువు కాపాడిన ఆంటీ

తా.క.: జింకలు నా పెరట్లో గోంగూర మొదలంటా మేసిపోయాయి. అయినా చంపమనను. నువ్వొకసారి రైఫిల్ పట్టుకుని కంచె దగ్గర నిలబడి గట్టిగా దగ్గితే చాలు.

ఇంకో తా.క.: సాన్వికి పేపర్ కప్పులో మెంతులు వేయడం నేర్పాను. మొలకలొచ్చేసరికి గంతులేసింది. ఇంకో పది కప్పులు వేస్తానని ఒకటే పేచీ.

ఆదివారం

ఆంటీకి నమస్కారాలు. నా పరువు మీరు కాపాడిన తీరు నిన్న గుళ్లో తెలిసింది.

పన్నెండు అనేది అంతకు మించి కొట్టకూడదని, కొట్టి తీరాలని కాదు. సున్నా కొట్టినా ఎవరూ ఏమీ అనరు. కానీ ఇప్పుడు చెప్పి ఏం లాభం? ప్రసాదం లైన్‌లో నా ముందు జనం పక్కకు తప్పుకున్నారు. పార్కింగ్ లాట్‌లో ఇద్దరు అంకుల్స్ వేర్వేరుగా వచ్చి, ఒకరికి తెలియకుండా ఒకరు, "మాంసం ఏమైనా మిగులుతుందా బాబూ" అని చెవిలో అడిగారు. ఆ రెండో ఆయన చెవిలో అడిగింది రష్మి పక్కనే ఉండగా.

 గరాజ్‌లో దిగాక రష్మి ఒక్కటే అడిగింది. "నువ్వు కొనాలనుకోవడం గురించి తర్వాత. నాకు చెప్పకుండా ఎందుకు మొదలుపెట్టావ్?"  భయపడ్డానని చెప్పాను. నాకే సిగ్గేసింది.

చివరికి రష్మి ఒక మాటన్నది. సాన్వి రెండిళ్ల పిల్ల, స్కూల్ నుంచి అయిదింటిదాకా మీ దగ్గరే ఉంటుంది. మీరు సరేనంటే సరే. పక్కింట్లో తుపాకీ ఉంటే మీకు గుబులనిపిస్తే మాత్రం లేనట్టే. నా రైఫిల్ ఇప్పుడు మీ చేతుల్లో ఉంది ఆంటీ. నెలాఖరుకి తొమ్మిది రోజులే ఉంది.

కౌశిక్

తా.క.: మెంతులు అయిపోయాయన్నారట. మా ప్యాకెట్ డబ్బాలో వేసి పంపిస్తున్నాను. "అమ్మమ్మ దగ్గర పైన పెద్ద డబ్బా నిండా ఉన్నాయి, అడిగితే ఇవ్వదు" అని సాన్వి కంప్లయింట్. మిమ్మల్ని పిసినారి అన్నందుకు మందలించాను.

సోమవారం

కౌశిక్‌కి ఆశీస్సులు.

గుళ్లో జరిగినదానికి చెంపలేసుకుంటున్నాను. ఆ రెండో అంకుల్ ఎవరో మాత్రం చెప్పు.

ఇక అసలు సంగతి. సరే అనడానికి ముందు నువ్వు నాకు జవాబులు చెప్పాలి. దాన్నెక్కడ పెడతావు? అలమారా పైన అనకు. పై అర పిల్లలకి అందదని మగవాళ్లంతా అనుకుంటారు, ఇంట్లో కుర్చీ అనేదొకటి ఉంటుందని వాళ్లకి గుర్తుండదు. తూటాలెక్కడ పెడతావు? తాళంచెవి ఎవరి దగ్గర? రేపు నీకేమన్నా అయితే, రష్మి దాన్నేం చేయాలి? నవ్వకు, జవాబు రాయి.

ఇంకొకటి. లోపల తూటా ఉందో లేదో పైకి చూస్తే తెలుస్తుందా? ఏళ్ల తరబడి పడి ఉన్న పాతదైతే దానంతటది పేలుతుందా? ఊరికే తెలుసుకుందామని.

చాముండేశ్వరి

తా.క.: మెంతులు అందాయి. పిసినారినే అనుకో, పరవాలేదు.

బుధవారం

ఆంటీకి నమస్కారాలు. వీసా ఇంటర్వ్యూలో కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు. అయినా అన్నిటికీ జవాబు రాసుకుంటూ కూర్చుంటే, వీటిలో సగం నాకు నేనే ఎప్పుడూ వేసుకోలేదని తెలిసింది.

రైఫిల్‌కి ఇనప పెట్టె కొంటాను, గోడకి బోల్టులు బిగిస్తాను. తూటాలు వేరే పెట్టెలో, వేరే గదిలో. నంబర్ నాకూ రష్మికీ తెలుస్తుంది. నాకేమన్నా అయితే షాపుకి ఫోన్ చేస్తే వాళ్లే వచ్చి తీసుకెళ్తారు, కనుక్కున్నాను. ఈ ఆఖరి సంగతి నాకు తట్టనే లేదు, మీరే ఆలోచింపజేశారు ఆంటీ. 

పాతదాని గురించి అడిగారు. దానంతటది పేలడం అరుదు, చేయి తగిలితేనే భయం. పైకి చూసి చెప్పడం కష్టం. అందుకే కొత్తదైనా పాతదైనా లోపల తూటా ఉందనుకునే పట్టుకోవాలని వేట లైసెన్సు కోసం వెళ్లిన క్లాసులో మొదటి రోజే చెప్పారు. తెలియనివాళ్లు ముట్టుకోకూడదు, తెలిసినవాళ్లని పిలవాలి.

మీ ప్రశ్నలు చూశాక రష్మి ఇంకో పని పెట్టింది. సాన్వి ఆడుకోవడానికి వెళ్లే ఇళ్లవాళ్లకి ఫోన్ చేసి, ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని అడిగాం. మొహమాటంతో చచ్చిపోయాం, కానీ ఎవరూ ఏమీ అనుకోలేదు. జాబితాలో అలవాటుకొద్దీ మీ పేరు కూడా రాస్తే, రష్మి కొట్టేసింది. "ఆంటీని అడగడమేంటి, పెసరట్టు గరిటె తప్ప ఏముంటుంది" అని ఇద్దరం పడీపడీ నవ్వాం. మీ ఇంట్లో ఉన్నంతసేపూ సాన్వి గురించి మాకు బెంగ లేదు.

మీ జవాబు కోసం చూసే
కౌశిక్

తా.క.: రెండో అంకుల్ పేరు రాయను. ఆయన గుడి కమిటీలో ఉన్నారు.

గురువారం

నాయనా కౌశిక్,

ఈ ఉత్తరం సాన్వి బ్యాగులో పెట్టడం లేదు. నేనే తెచ్చి మీ తలుపు సందులో పెట్టి, బెల్ కొట్టి వెళ్లిపోతాను. చదివేటప్పుడు నీ ముఖం చూసే ధైర్యం లేదు.

అందరినీ అడిగావు. నన్నొక్కదాన్నే అడగలేదు.

మీ అంకుల్ రాధాకృష్ణగారు గ్యాస్ స్టేషన్ నడిపే రోజుల్లో రెండుసార్లు దొంగలు పడ్డారు. మూడోసారికి ఆయన ఒక పిస్తోలు కొన్నారు, సెకండ్ హ్యాండ్‌లో, చవగ్గా వచ్చిందని. "ఇది మన హక్కు" అన్నారు. నేను కాదనలేదు, కౌంటర్ దగ్గర నిలబడేది ఆయన కదా. ఒక్కసారి కూడా పేల్చలేదు, నేర్చుకోనూ లేదు. స్టేషన్ అమ్మేశాక ఇంటికి తెచ్చి వంటింటి పై అరలో పెట్టారు. తొమ్మిదేళ్ల కిందట ఆయన పోయారు. ఆయన హక్కు నా వంటింట్లో మిగిలిపోయింది.

ముట్టుకోవాలంటే భయం. ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు. పోలీసులకు ఫోన్ చేస్తే ఏమడుగుతారో, నా ఇంగ్లీషుకి ఏమర్థం చేసుకుంటారో అని ఇంకో భయం. ఒకరోజు కళ్లు మూసుకుని, పట్టకారుతో పట్టుకుని పెద్ద స్టీలు డబ్బాలో వేసి, పైన మెంతులు పోసేశాను. జీడిపప్పయితే ఎవరన్నా వెతుక్కుంటారు, మెంతుల్ని అడిగి తినేవాళ్లుండరనుకున్నాను. ఆరేళ్ల పిల్ల పేపర్ కప్పు పట్టుకుని వస్తుందని అనుకోలేదు.

నీ కార్డు చూసినప్పటినుంచీ నిన్ను నిలదీశాను కదా, అవన్నీ ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు. అడగనివి. నిన్న నేను స్టవ్ దగ్గర వెనక్కి తిరిగేసరికి సాన్వి కుర్చీ మీద ఉంది. మోచేతిదాకా చేయి మెంతుల్లో ఉంది. "అమ్మమ్మా, కింద ఏదో గట్టిగా ఉంది" అంది. ఎలా దింపానో నాకు తెలియదు. దింపాక పిల్లని పట్టుకుని ఏడ్చాను. మెంతుల కోసం ఏడుస్తున్నాననుకుని, "నాకొద్దులే, నువ్వే ఉంచుకో" అంది పిచ్చితల్లి.

రష్మికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా దాచకు. మళ్లీ నా దగ్గరికి పిల్లని పంపుతుందో లేదో తన ఇష్టం, ఏమన్నా పడతాను. ఆ డబ్బా ఇంట్లో ఉన్నంతవరకూ మాత్రం మీరు పంపినా నేనే రానివ్వను.

నీ రైఫిల్‌కి నా అభ్యంతరం లేదు. కొనేముందే తాళం గురించి ఆలోచించినవాడివి, నా ఇంట్లో అలాంటి మనిషి లేకపోయాడు. తెలిసినవాళ్లని పిలవాలన్నావు. ఇంత ఊళ్లో నాకు తెలిసినవాడివి నువ్వొక్కడివే, పిలుస్తున్నాను. వచ్చి దాన్ని తీసుకెళ్లు. షాపుకిస్తావో, పోలీసులకిస్తావో నాకు చెప్పక్కర్లేదు.

నీ
చాముండేశ్వరి ఆంటీ

తా.క.: ముప్పై ఏళ్లలో ఎవరింటినుంచీ ఖాళీ డబ్బా పుచ్చుకోలేదు. ఈ ఒక్క డబ్బా మాత్రం ఖాళీగా తెచ్చివ్వు.