తాత గొంగడి ఎవరికి చెందవలెను

కోదాడ పక్క చిలుకూరు కాపురస్తుడు, గొర్ల వెంకన్న కొడుకు, ఇంజనీరింగ్ పాసై ఏ ఉద్యోగానికీ దొరక్కుండా తిరుగుతున్న ఉపేందర్ అను నేను, వయసు ఇరవై నాలుగు, రేపు పొద్దున సూర్యాపేట దవాఖానలో అపెండిక్స్ తీయించుకోబోతూ, ఉన్నంత బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా. అమలు బాధ్యత మా బాపుది.

1. నా బైకు కోదాడ మిత్రుడు శ్రీకాంత్‌కు చెందవలెను. ఫస్టియర్‌లో పట్టుకుపోయిన నా రికార్డు బుక్కు ఇంకా ఇవ్వలేదు గనుక, బ్రేకుల సంగతి అతడే తెలుసుకొనును.

2. నా భయం. ఎవరికీ ఇవ్వదగినది కాదు గాని, జాబితాలో దాచరాదు. నిన్నటి నుంచి గమనిస్తున్నాను. గొంతు కింద మొదలై పక్కటెముకల దాకా దిగుతుంది, అరచేతులు చల్లబడతాయి. ఫోన్ చూస్తూ తరిమితే గంటసేపు గడపలోనే నిలబడుతుంది. "రా, కూసో" అంటే చాయ్ తాగేంత సేపుండి పోతుంది. మళ్లీ వస్తుంది. ఎందుకో తెలియదు, తెలుసుకోవాలని ఉంది.

3. తాత బుచ్చయ్య గొంగడి మిర్యాలగూడలో ఉన్న అక్క కళ్యాణికి చెందవలెను. అటక మీద యూరియా సంచిలో ఉంది. మూతి కట్టింది నేనే. తాత పోయిన మూడో రోజు మా చెలకలో పిట్టకు పెడితే కాకి విస్తరి ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిందని ఒక్కొక్కరే ముందుకొచ్చి తాతకు మాటిస్తున్నారు. నా వంతు వచ్చేసరికి వాటర్ ప్యాకెట్లు తెస్తానని కోదాడకు ఉరికాను. రెండు గంటల తర్వాత తిరిగొస్తే విస్తరి అట్లాగే ఉంది. "కూరల ఉప్పు తక్కువైనట్టుంది" అన్నాను. అందరూ నవ్వారు. అమ్మ రేణుకమ్మ నవ్వలేదు. "కడుపుల పెట్టుకోకురా, పుండైతది" అన్నది. ఏడాది తిరిగేసరికి అయింది. డాక్టర్ దానికి వేరే పేరు పెట్టాడు, అంతే.

4. పై దానికి సవరణ. ఇచ్చే వస్తువును చూసి ఇవ్వడం ధర్మం గనుక సాయంత్రం సంచి విప్పాను. గొర్రె వాసన, బీడీ వాసన, వానలో తడిసొచ్చిన తాత. ఏడ్చాను. తడక అవతలి నుంచి జంగయ్య కాక అడిగాడు: "ఏందిరా, నొప్పి లేసిందా?" "లేదు కాక, తాత యాదికొచ్చిండు." జోకు కోసం వెతికాను, దొరకలేదు. చాయ్ కంటే చాలా ఎక్కువసేపు పట్టింది. అయినా చావలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. కావున మూడవది రద్దు. అక్కకు నా టేబుల్ ఫ్యాను. గొంగడి రేపు నాతో దవాఖానకు వస్తుంది.

5. నేను తిరిగి రాకుంటే, నా పిట్టకు పెట్టేనాటికి వాటర్ ప్యాకెట్లు ముందురోజే తెప్పించవలెను. ఆ వంకతో ఎవరినీ పోనివ్వరాదు. తిరిగొస్తే, కుట్లు ఆరగానే నేనే విస్తరి పట్టుకుని ఆ చెలకకు పోతాను. తాతకు ఏం మాటివ్వాలో ఇంకా తెలియదు. కాకి ముట్టేదాకా అక్కడే కూర్చుంటాను.

చిలుకూరు, 9 ఫిబ్రవరి 2025
(సంతకం) ఉపేందర్

సాక్షులు:
జంగయ్య, పక్కిల్లు
యశోద, చిన్నమ్మ (చదవకముందు నవ్వింది)