సోమందేపల్లిలో గాజులమ్మే స్త్రీ

పెనుకొండ, 2009, శుక్రవారం రాత్రి

పేరు కొట్టేస్తే మనిషి దాగిపోతాడని నువ్వు నమ్ముతావా? స్వైన్ ఫ్లూ క్యాంపు డాక్టరు నమ్ముతున్నాడు. బెంగళూరు పరిశోధకులకు పంపబోయే రోగుల వివరాల నకలు ఒకటి క్యాంపు గోడకు అంటించాడు. అందులో నేను పాస్టరుగా ఉన్న సంఘంలోని రూతమ్మ పేరు లేదు. "సోమందేపల్లి, గాజులమ్మే స్త్రీ, విధవ" అని ఉంది. ఆ ఊళ్లో గాజులమ్మే విధవలు ఎందరున్నారో ఆ మహాజ్ఞానికి ఎవరు చెప్పాలి?

రూతమ్మకు జ్వరం తగ్గిపోయింది, బేరం మాత్రం లేదు. "అయ్యగారూ, గాజులు తొడగాలంటే చెయ్యి పట్టుకోవాల కదా. నన్ను చూస్తానే ఆడోళ్లు చేతులు కొంగులో దాచుకుంటాండారు" అంది.

డాక్టరును అడిగితే నవ్వాడు.

"పేరు తీసేసినాం కదప్పా. ప్రార్థన చేసుకునేవాడివి, ఇదంతా నీకేం తెలుస్తాది?"

నాకు తెలిసింది బైబిలు లేఖనమే. రక్తస్రావంతో బాధపడిన స్త్రీ అందులో ఉంది. ఆమె రోగం ఎన్నేళ్లదో రాశారు, వైద్యులు నయం చేయలేకపోయారనీ రాశారు. పేరు లేదు, చేసే పని లేదు. లోకానికి కావలసింది ఉంది, ఆమెను వేలెత్తి చూపించేది లేదు. ఆ పాటి తెలివి ఈ డిగ్రీ పట్టాలున్న డాక్టరుకు లేకపోయింది.

పరిశోధన వద్దని నేననను. రూతమ్మ జ్వరం సంగతి ఇంకో ఊరి బిడ్డను బతికిస్తే సంతోషమే, కానీ...

వివరాలు రేపు పొద్దున్నే పంపుతారట. ఇంక డైరీ రాసింది చాలు, పాస్టరూ. లేచి చెప్పులేసుకో. ఈ రాత్రికే డాక్టరు ఇంటికి పో. ఊరూ పనీ కొట్టేయించి, గోడమీది కాగితం చింపించేదాకా అతని వాకిలి వదలకు.