పెద్ద బటన్

ఆదివారం రాత్రి

తాల్‌బగీచా పేటలో ఉండే మామయ్యగారి కంప్యూటర్ పొద్దున ఆన్ కాలేదు. రైల్వే వర్క్‌షాప్‌లో ఎలక్ట్రికల్ ఫిట్టర్‌ని, పైగా ఆ ఇంటి పెద్దల్లుడిని. నన్ను కాక ఎవరిని పిలుస్తారు? టెస్టర్ పెట్టి చూశాను, ప్లగ్గులో కరెంటుంది. కేబుల్ మార్చాను. డబ్బా విప్పి దుమ్ము దులిపాను. బటన్ ఎంత నొక్కినా లోపల ఫ్యాను కదల్లేదు. పవర్ సప్లై కాలిపోయింది, కొత్తది వెయ్యాలని తేల్చేశాను.

అప్పుడు దిగాడు చిన్నల్లుడు సుధీర్. మలంచా బజారులో మొబైల్ షాపు వాడిది. లోపల బటన్ వైరు పీకి, అది తగిలే రెండు పిన్నులకు స్క్రూడ్రైవర్ మొన తగిలించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"బటనే పోయినాది అన్నయ్యా, ఇంకేటీ లేదు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వెందుకో! పక్కనున్న చిన్న రీసెట్ బటన్ వైరు తీసి ఆ పిన్నులకు తగిలించాడు. "ఇకమీదట ఈ సిన్నదే నొక్కండి మావయ్యా."

ఇక్కడి బెంగాలీల్లాగే ఆ ఇంట్లోనూ చేప తలకాయ అల్లుడికే. పెళ్లైనప్పటి నుంచి అది నాది. ఇవాళ వాడి కంచంలో పడింది. "సిన్నబాబు కష్టపడ్డాడు కదా" అంది అత్తయ్య. మరి పొద్దున్నుంచీ నేను చేసిందేమిటి?

బయల్దేరే ముందు, ఎవరూ చూడట్లేదనుకుని పాత పెద్ద బటన్ నొక్కాను. టక్కుమని ఎప్పటిలాగే మోగింది.

వెనక నుంచి మామయ్య అన్నాడు: "ఒగ్గేయ్ బాబూ. అదింక ఉత్తినే ఉంటాది."