రెండు కంపెనీల మధ్య మా చెల్లెలు

క్రీడాకారుల ఒప్పందాల విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీదారైన నా చెల్లెలిని ఉభయ కంపెనీల కాంట్రాక్టుల నుండి విడిపించుట గురించి.

1. నేనూ, నా చెల్లెలూ పాత కంపెనీ తరఫున పోటీ చేయుచుంటిమి. కొత్త కంపెనీ వారు నన్ను రమ్మనగా, పాతవారు గడువు తీరలేదని వదలలేదు. పోటీలు కూడా ఇవ్వక ఊరకనే కూర్చోబెట్టిరి.

2. చివరకు పాత కంపెనీ మేనేజరు గారు, "అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారి తలపడండి. గెలిచినా ఓడినా నిన్ను వదిలేస్తాం" అనిరి. చెల్లెలు ససేమిరా అన్నది. బతిమాలి ఒప్పించినది నేనే. "మొహమాటపడకే. నువ్వు తగ్గితే జనానికి తెలిసిపోతుంది. గట్టిగానే కొట్టు" అన్నాను.

3. నా మాట విన్నది. దాని మోచేయి తగిలి నా ఎడమ కంటి చూపు పోయినది. పాతవారు మాట తప్పలేదు. నా విడుదల కాగితం ఆసుపత్రి మంచం దగ్గరికే పంపిరి. కొత్తవారికి మాత్రం ఒంటికన్ను మనిషి అక్కరలేకపోయినది.

4. అయితే ఆ కొత్తవారే ఆసుపత్రి వరండాలో మా చెల్లెలిని కలిసి, "మీ అక్క ఆపరేషన్ మేం చూసుకుంటాం, ఇక్కడ సంతకం పెట్టమ్మా" అనిరి. అది చదవకుండానే పెట్టింది. ఆపరేషన్ అయినది గానీ చూపు రాలేదు.

5. ఇప్పుడు అది మాదంటే మాదని ఇద్దరూ తమరి ఎదుట వాదులాడుచున్నారు. సొంత అక్కనే పడగొట్టిన పిల్ల అని గోడల మీద బొమ్మలు వేయించుటకు ఇద్దరికీ తొందరే. దానికి మళ్ళీ పోటీ బోనులోకి దిగాలని ఉందా అని ఒక్కరూ అడగలేదు. గ్లౌజులు మూటగట్టి అటక మీద పడేసిందండీ. భోజనానికి నాకు కనపడని వైపే కూర్చుంటుంది. "ఇటు రావే" అంటే "ఇక్కడే బాగుందిలే అక్కా" అంటుంది.

6. నా కన్ను గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. రెండు కాంట్రాక్టులూ రద్దు చేసి, దానిని ఏ కంపెనీకీ చెందని మనిషిగా ఇంటికి పంపవలెనని నా మనవి. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దాని అక్క

తా.క.: విచారణకు దాన్ని పిలిస్తే నన్ను గదిలో ఉంచకండి. నా ముఖం చూస్తే చాలు, మీరు అడిగినదానికల్లా తలూపి, ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టేస్తుంది. నేను బయట మెట్ల మీద ఉంటాను. కాస్త నెమ్మదిగా అడగండి సార్, చిన్నపిల్ల.