ఒక్క లాగ్ లైన్

నవంబర్ 3, ఆదివారం

ఇంక్యుబేటర్ మళ్లీ బిగుసుకుపోయింది. లోపల వేడి పెరుగుతూనే ఉంది, తెర మీద 36.5 కదలదు. నెలలు నిండని పిల్లల్ని పడుకోబెట్టే పెట్టె ఇది. దీని సెన్సర్‌ను నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, నాకంటే ముందు నలుగురు కుట్టిన అతుకుల బొంత. లోపం ఎక్కడుందో చూద్దామని మధ్యలో ఒక లాగ్ లైన్ పెట్టాను, ప్రోగ్రాం అక్కడికి రాగానే "ఇక్కడిదాకా వచ్చాను" అని రాసిపెట్టేలా. బగ్ మాయమైంది. తీసేస్తే మళ్లీ వస్తోంది.

నవంబర్ 4

దొరికింది. రీడింగ్ పెట్టుకునే చోటు డ్రైవర్ సిద్ధం చేసుకోకముందే సెన్సర్ దాన్ని తెచ్చి పడేస్తోంది. లాగ్ రాసే కాస్త ఆలస్యంలో ఆ చోటు సిద్ధమవుతోంది, అంతే. మొదటినుంచి తిరగరాయాలి, రెండు వారాలివ్వమని మా టీమ్ పెద్ద వజ్దీని అడిగాను.

"లైన్ ఉంటే పనిచేస్తోందిగా, బాష్‌మొహందిసా. ఉండనీ, దానికేం తిండి పెడుతున్నామా?"

కైరోలో కుళాయి బాగుచేసేవాణ్ణి కూడా బాష్‌మొహందిస్, ఇంజనీరుగారూ, అనే పిలుస్తారు. ఈయన నన్నూ కారే చోట గుడ్డ చుట్టమంటున్నాడు.

నవంబర్ 7, గురువారం

ఆ లాగ్ లైన్‌కు నా పేరు పెట్టనన్నాను. వజ్దీ తన పేరుతో తనే కోడ్‌లో కలిపేశాడు. పెట్టెలు తంతా ఊళ్లో ఒక ఆసుపత్రికి వెళ్లాయి. అందరికీ బస్బూసా మిఠాయి పంచాడు. నేను ముట్టలేదు.

నవంబర్ 19

అనుకున్నంతా అయింది. వేగం కోసం, బయటికి పంపే రిలీజ్ వెర్షన్‌లో లాగ్‌లన్నీ ఆపేస్తారు. ఆపింది వజ్దీయే! తన గుడ్డను తనే పీకేశాడు.

తంతాలో తెర 36.5 చూపిస్తుంటే లోపల పసివాడి ఒళ్లు వేడికి కాగిపోయింది. తల్లి చెయ్యి పెట్టి చూసింది. తెర బాగానే ఉందిగా అని డాక్టర్ కసిరాడట. బిడ్డను బయటికి తీసేదాకా ఆమె పెట్టె దగ్గర్నుంచి కదల్లేదట. బతికాడు.

 వజ్దీ మెడ దొరికితే బాగుండు.

నవంబర్ 20

వజ్దీ రిపోర్టు రాశాడు. తల్లి పెట్టె కిటికీ తెరవడం వల్ల సెన్సర్ పాడైందట. నన్నేమో ఆ లాగ్ ఒక్కటి ఆగకుండా చూడమన్నాడు. ఇల్లు కాలుతుంటే చుట్టకు నిప్పడిగే మనిషి.

"తప్పు చెప్పింది మీ తెర. ఆ తల్లి కాదు," అన్నాను. ఆఫీసంతా విన్నది. ఉద్యోగం వేరే చూసుకోమన్నాడు. డ్రైవర్ తిరగరాశాక చూసుకుంటానన్నాను.

అసలు కారణం మెయిల్ రాసి ఆసుపత్రికి, మా యజమానికి కలిపి పంపాను. డ్రైవర్ తిరగరాసేదాకా పెట్టెలన్నీ ఆపించారు.

డిసెంబర్ 4

అయిపోయింది. ముందు చోటు, ఆ తర్వాతే సెన్సర్. లాగ్ ఉన్నా లేకున్నా ఒకటే.

మా పనిలో ఒక మర్యాద ఉంది. దిద్దిన కోడ్ కింద, ఆ తప్పును మొదట పట్టుకున్నవాళ్ల పేరు రాస్తాం. తంతాకు ఫోన్ చేసి ఆ తల్లి పేరడిగాను. ఫోనెత్తిన భర్త, బిడ్డ పేరు చెప్పి, షాదీ తల్లి అని రాసుకోండి చాలన్నాడు. ఇంట్లో ఆడవాళ్ల పేరు పరాయివాళ్లకు చెప్పడం ఆయనకు నామోషీ. ఆమెకే ఫోనివ్వమన్నాను. ఇచ్చాడు. ఆమె ఎక్కడికో నడిచి వెళ్లింది, తలుపు మూసిన చప్పుడు.

"నిజంగా నా పేరే రాస్తారా, బాష్‌మొహందిసా?"

డిసెంబర్ 5

తప్పు పట్టుకున్నది: సబ్రీన్ అబ్దుల్ మఖ్సూద్, తంతా.